పాత బంగారు నగ కొనేముందు: ఏ పరీక్ష ఎవరికి సరిపోతుంది

16 గ్రాముల గాజు, అంటే రెండు సవర్లది, అమ్మకానికి వచ్చిందనుకుందాం. అది నిజంగా 22 క్యారెట్లయితే అందులో మేలిమి బంగారం 14.66 గ్రాములు. 20 క్యారెట్లయితే 13.33. 18 అయితే సరిగ్గా 12. మెరుగు పెట్టి చేతిలో పెడితే ఈ మూడింటికీ తేడా కంటికి ఆనదు. నెల్లూరు చిన్నబజారులో కొన్నా, ఒంగోలులో తెలిసినవాళ్ల దగ్గర కొన్నా, కావలిలో ఇంటిపక్కవాళ్ల అవసరానికి కొన్నా, డబ్బు మాత్రం గ్రాముకింత అని 22 క్యారెట్ల లెక్కనే ఇస్తాం. అందుకే పాత నగ విషయంలో "అసలా, నకిలీనా" అన్నది మొదటి ప్రశ్నే తప్ప ఒకే ప్రశ్న కాదు. దాని వెనకే ఇంకో రెండు ఉంటాయి. వన్నె, అంటే బంగారం స్వచ్ఛత, ఎంత? తూకంలో కనిపించే బరువులో బంగారం బరువెంత?

ఈ మూడింటికీ ఒక్క పరీక్షే జవాబు చెప్పదు. ఎక్కువమంది నష్టపోయేది అక్కడే. మొదటి ప్రశ్నకు జవాబు దొరకగానే మిగతా రెండూ తేలిపోయినట్టు డబ్బు లెక్కపెట్టేస్తారు.

## పరీక్షను దేన్నిబట్టి ఎంచుకోవాలి

అన్నిటికంటే ముందు చూడాల్సింది లోతు. ఆ పరీక్ష నగ పైపొరను చూస్తుందా, మొత్తం నగను చూస్తుందా? మోసాల్లో చాలావరకు ఈ సందులోనే జరుగుతాయి. పైన మంచి బంగారం, లోపల వెండో రాగో లక్కో ఉంటుంది. పైపొరను చూసే పరీక్షలు ఎన్ని చేయించినా లోపల ఉన్నది బయటపడదు.

రెండోది నగకు జరిగే నష్టం. కరిగించబోయే విరిగిన గొలుసుకు గీత పడితే ఏమీ కాదు. అమ్మమ్మ ఇచ్చిన వంకీ మీద ఆకురాయి పెట్టడం వేరే సంగతి.

మూడోది పరీక్ష చేసేది ఎవరన్నది. అమ్మేవాళ్లు చూపించిన అంగడిలోనే టచ్ (వన్నె పరీక్ష) చూపించుకోవద్దు. వాళ్లు మోసగాళ్లని కాదు, మీ తరఫున చూసే కళ్లు వేరుగా ఉండాలి. ఖర్చు సంగతి చివర్లో. రెండు సవర్ల నగ మీద పరీక్షకయ్యే ఖర్చు అసలు లెక్కలోకే రాదు.

| పరీక్ష | ఎంత లోతు చూస్తుంది | వన్నె చెబుతుందా | నగకు నష్టం | ఎక్కడ తప్పుతుంది |
|---|---|---|---|---|
| హాల్‌మార్క్, యాప్ | చూడదు, రికార్డు చెబుతుంది | చెబుతుంది | లేదు | ముద్ర ఉన్న ముక్కను వేరే నగకు అతికితే |
| అయస్కాంతం | ఇనుము, నికెల్ మాత్రమే | చెప్పదు | లేదు | రాగి, ఇత్తడి, వెండి తప్పించుకుంటాయి |
| నీటి తూకం | మొత్తం నగ | ఉరామరిగా | లేదు | బోలు నగలు, రాళ్లు, చిన్న నగలు |
| గీటురాయి, యాసిడ్ | గీసినంత మేర | చేయి తిరిగినవాళ్లకు దగ్గరగా | స్వల్పం | మందపాటి పూత |
| టచ్ మిషన్ | కొన్ని మైక్రాన్లు | చాలా దగ్గరగా | లేదు | పూత, మెరుగు పెట్టిన పైపొర |
| ఫైర్ అస్సే (కొలిమి పరీక్ష) | తీసిన ముక్క మొత్తం | అత్యంత కచ్చితంగా | ముక్క తీస్తారు | ముక్క తీసిన చోటుకే వర్తిస్తుంది |

## ముందు కడగండి, తర్వాత భూతద్దం పట్టండి

మురికి నగను ఏ పరీక్షకూ పెట్టొద్దు. గోరువెచ్చని కుంకుడు రసంలో పది నిమిషాలు నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, మంచినీళ్లతో కడిగి, ఒక రాత్రి ఆరనివ్వాలి. గుండ్ల పేరు, లక్క పోసిన కాసులు, ముత్యాల దండ అయితే నానబెట్టొద్దు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. వేడినీళ్లు అసలు తగలకూడదు. లక్క మెత్తబడి గుండు నుంచి బయటికి వస్తుంది.

తర్వాత పదిరెట్ల భూతద్దంతో ఒరిపిడి పడే చోట్లు చూడాలి. గొలుసులో ఒక లింకు ఇంకో లింకుతో రాసుకునే లోపలి వంపు, గాజు అంచు, కమ్మల సీల, కొక్కెం మూల, నల్లపూసల దండలో పూసల పక్కనుండే తీగ. పూత అరిగేది అక్కడే. అడుగున ఎర్రగా కనిపిస్తే రాగి, తెల్లగా కనిపిస్తే వెండి. అతుకుల దగ్గర పచ్చటి చిలుము పట్టి ఉంటే అక్కడి టంకంలో రాగి ఎక్కువని అర్థం. ఇలాంటి అతుకు ఉన్నంత మాత్రాన నగ నకిలీ కాదు. కానీ ఆ చోట వన్నె తక్కువే.

చిలకలపూడి కవరింగ్ నగలు, వన్ గ్రామ్ గోల్డ్ నగలు ఈ భూతద్దం పరీక్షలో చాలావరకు తేలిపోతాయి. అవి తమ పేరుతో అమ్ముడుపోయే సరుకే. చేతులు మారేటప్పుడు ఆ పేరు చెప్పకపోవడంతోనే చిక్కు వస్తుంది.

అయస్కాంతం తీసుకెళ్లండి, కానీ దాన్ని నమ్ముకోవద్దు. నగ అతుక్కుంటే కొనొద్దు. అతుక్కోకపోతే ఏమీ తేలలేదన్నట్టే, ఎందుకంటే రాగి, ఇత్తడి, వెండి కూడా అతుక్కోవు. కొన్ని కొక్కేల లోపల చిన్న స్టీలు స్ప్రింగు ఉంటుంది, అది మాత్రం అతుక్కున్నా తప్పు పట్టక్కర్లేదు. ఇక పంటితో కొరకడం, వెనిగర్ పోయడం, పింగాణీ మీద గీయడం వదిలేయండి. పైన బంగారు పూత ఉన్నప్పుడు వెనిగర్ ఏమీ చేయదు, పన్ను మాత్రం నగ మీద నొక్కు వదులుతుంది.

## హాల్‌మార్క్: ముద్ర కంటే దాని వెనకున్న రికార్డు ముఖ్యం

2021 జులై 1 నుంచి బంగారు నగ మీద మూడు గుర్తులుంటాయి. బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) త్రికోణం, 22కే916 (22 క్యారెట్లు, అంటే 91.6 శాతం బంగారం) వంటి వన్నె, అక్షరాలు అంకెలు కలిసిన ఆరు స్థానాల గుర్తింపు కోడ్ హెచ్‌యూఐడీ. 2023 ఏప్రిల్ 1 నుంచి అంగళ్లలో హెచ్‌యూఐడీ ఉన్న నగలే అమ్మాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. 2 గ్రాముల లోపు నగలకు మినహాయింపు ఉంది, కాబట్టి చిన్న ముక్కుపుడక మీద ముద్ర లేదని అనుమానపడక్కర్లేదు.

బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరు స్థానాలు కొడితే నగ రకం, వన్నె, ముద్ర వేయించిన అంగడి, వేసిన కేంద్రం కనిపిస్తాయి. ఇక్కడ ఎక్కువమంది వన్నె చూసి ఆగిపోతారు. నగ రకం కూడా చూడండి. చేతిలో గొలుసు ఉండి యాప్‌లో ఉంగరం అని వస్తే ఆ కోడ్ వేరే నగది. గొలుసుల్లో ఇంకో జాగ్రత్త అవసరం. ముద్ర సాధారణంగా కొక్కెం పక్కనుండే చిన్న రేకు మీద ఉంటుంది. ఆ రేకును కోసి వేరే గొలుసుకు అతకొచ్చు. అందుకే రేకుకు రెండు వైపులా ఉన్న అతుకును భూతద్దంతో చూసి, మిగతా గొలుసు రంగుతో పోల్చాలి.

2021కి ముందు నగల మీద హెచ్‌యూఐడీ ఉండదు. వాటి మీద త్రికోణం, వన్నెతో పాటు ముద్ర వేసిన కేంద్రం గుర్తు, అంగడి గుర్తు ఉంటాయి. అది చెల్లని ముద్ర కాదు, యాప్‌లో సరిచూసుకునే వీలు లేదంతే. మన దేశంలో బంగారానికి హాల్‌మార్కింగ్ మొదలైందే 2000లో. అంతకుముందు చేయించిన నగలకు అసలు ముద్ర ఆశించకూడదు.

"కేడీఎం" అని ఉంటే దాన్ని వన్నె హామీగా తీసుకోవద్దు. కాడ్మియం కలిపిన టంకంతో అతికారని మాత్రమే దానర్థం. కాడ్మియం కలిపితే టంకంలోనూ బంగారం పాలు ఎక్కువగా ఉంచొచ్చు, కాబట్టి అతుకుల దగ్గర వన్నె పెద్దగా పడదు. ఆ పొగ పనిచేసేవాళ్ల ఆరోగ్యానికి హాని కాబట్టి ఆ పద్ధతిని వదిలేశారు.

## నీటి తూకం: ఇంట్లో చేసుకోదగ్గది ఇదొక్కటే

మొత్తం నగను చూసే పరీక్షల్లో నగకు గీత కూడా పడనిది ఇదొక్కటే. దీన్ని తెలిసినవాళ్లు తక్కువ. అందుకే వివరంగా చెబుతున్నాం.

కావలసినవి 0.01 గ్రాము వరకు చూపే చిన్న ఎలక్ట్రానిక్ తక్కెడ, గాజు గ్లాసు, కాచి చల్లార్చిన నీళ్లు, సన్నటి దారం. దారానికి చేపల గాలానికి వాడే సన్న నైలాన్ అయితే మేలు, నూలు దారం నీళ్లు పీలుస్తుంది. నీళ్లు కాచమనేది అందులో కరిగిన గాలి పోవడానికి, లేకపోతే నగ మీద బుడగలు పడతాయి. గిన్నెలు తోమే సబ్బు ద్రవం ఒక్క చుక్క వేస్తే నీళ్లు లింకుల సందుల్లోకి సులువుగా వెళ్తాయి.

నగను పొడిగా తూచి బరువు రాసుకోండి. తర్వాత నీళ్ల గ్లాసును తక్కెడ మీద పెట్టి సున్నా చేయండి. నగను దారంతో కట్టి, నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుగుకూ గోడకూ తగలకుండా వేలాడదీయండి. చేత్తో పట్టుకుంటే చేయి వణుకు అంకెల్లోకి వస్తుంది. తక్కెడకు అటూ ఇటూ పుస్తకాలు పేర్చి, వాటి మీద ఒక పుల్ల అడ్డంగా పెట్టి, దానికి దారం కట్టండి. ఇప్పుడు తక్కెడ చూపే అంకె నగ తొలగించిన నీటి బరువు. పొడి బరువును ఆ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది.

మన 16 గ్రాముల గాజుకు తక్కెడ 0.90 చూపితే సాంద్రత 17.8. 22 క్యారెట్ల బంగారం 17.6 నుంచి 18.0 మధ్య ఉంటుంది. అందులో కలిపింది రాగి ఎక్కువైతే కిందివైపు, వెండి ఎక్కువైతే పైవైపు. 20 క్యారెట్లు 16.2 నుంచి 16.9, 18 క్యారెట్లు 15 నుంచి 16. వెండి 10.5, రాగి సుమారు 9, ఇత్తడి 8.5 దగ్గర. అంటే ఆ గాజు పూత పూసిన వెండి అయితే తక్కెడ 1.52 చూపుతుంది, ఇత్తడి అయితే 1.88. ఇంత తేడాను ఎవరూ దాచలేరు.

కానీ 3 గ్రాముల ఉంగరానికి ఇది పనికిరాదు. 22 క్యారెట్లయితే 0.17, 18 క్యారెట్లయితే 0.19. తక్కెడ ఒక్క అంకె అటూఇటూ అయినా వన్నె మారిపోతుంది. 10 గ్రాములు దాటిన, రాళ్లు లేని, గట్టి నగలకే దీన్ని వాడండి.

ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఈ పరీక్షలో సాంద్రత తక్కువ వస్తే అది అనుమానం మాత్రమే, తీర్పు కాదు. లోపల గాలి ఉన్న బోలు గాజు, లక్క పోసిన గుండ్లు, కెంపులు పొదిగిన హారం మంచి బంగారమైనా తక్కువే చూపుతాయి. 17.8 దగ్గర వస్తే మాత్రం చాలావరకు నమ్మొచ్చు, ఎందుకంటే అంత బరువైన చౌక లోహం దొరకడం కష్టం. మినహాయింపు టంగ్‌స్టన్. దాని సాంద్రత 19.25, మేలిమి బంగారంది 19.3. అయితే టంగ్‌స్టన్ బాగా గట్టిది, దాని కరుగు స్థానం 3,422 డిగ్రీలు. దాన్ని గొలుసుగా అల్లడం, నగిషీ చెక్కడం అయ్యే పని కాదు. ఆ భయం నగల కంటే బిళ్లలకు, కడ్డీలకు ఎక్కువ.

## గీటురాయి, యాసిడ్

ఆచారి గారి చేతిలో గీటురాయి ఇప్పటికీ మంచి పరికరమే. నల్లరాయి మీద నగతో ఒక గీత, టచ్ తెలిసిన బంగారు పుల్లతో పక్కనే ఇంకో గీత పెట్టి, రెండింటి మీదా యాసిడ్ చుక్క పోసి ఏ గీత ముందు మాసిపోతుందో చూస్తారు. ఒక్క నత్రికామ్లమైతే రాగి, ఇత్తడి, వెండి గీతలను తినేస్తుంది, మంచి బంగారపు గీత నిలుస్తుంది. ఎక్కువ వన్నెలను విడదీయడానికి అందులో కొద్దిగా హైడ్రోక్లోరిక్ యాసిడ్ కలిపిన ద్రావణం వాడతారు.

ఇది ఎంత నిజం చెబుతుందన్నది గీత ఎంత లోతు నుంచి వచ్చిందన్నదాన్ని బట్టి ఉంటుంది. పైపైన రాస్తే పూతే గీతవుతుంది. నమ్మదగ్గ ఫలితం కావాలంటే నగ వెనకవైపు, కనిపించని చోట సన్న ఆకురాయితో చిన్న గంటు పెట్టి, ఆ గంటు నుంచి గీయాలి. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే అది వాళ్ల హక్కు. అప్పుడు మీరు తెలుసుకున్నది పైపొర గురించేనని గుర్తుపెట్టుకుని ధర మాట్లాడండి. యాసిడ్ సీసాలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయని ఇంట్లో మాత్రం చేయొద్దు. చర్మం కాలుతుంది, పొగ ఊపిరికి మంచిది కాదు.

## టచ్ మిషన్

ఎక్స్‌ఆర్‌ఎఫ్ మిషన్‌లో నగ పెడితే నిమిషం లోపే కాగితం వస్తుంది. బంగారం ఎంత, వెండి ఎంత, రాగి, జింకు, కాడ్మియం ఎంత అని విడివిడిగా ఉంటుంది. నగ చెడదు, రుసుము స్వల్పం. పాత నగ కొనేవాళ్లకు మొదటి ఎంపిక ఇదే.

కానీ ఈ మిషన్ వాడే ఎక్స్ కిరణాలు బంగారంలో కొన్ని మైక్రాన్ల లోతు వరకే చదువుతాయి. మందంగా పూత ఉంటే పూతనే చదివి 91.6 అని చూపుతుంది. ఇంకో సూక్ష్మం ఉంది. మెరుగు పెట్టేటప్పుడు పైపొరలోని రాగి యాసిడ్‌లో కరిగిపోయి అక్కడ బంగారం పాలు పెరుగుతుంది, కాబట్టి లోపలి వన్నె కంటే మిషన్ కాస్త ఎక్కువ చూపొచ్చు. అందుకే ఒక్క కాగితంతో సరిపెట్టుకోకండి. గొలుసు మధ్యలో ఒకటి, కొక్కెం దగ్గర ఒకటి, అతుకు మీద ఒకటి, కనీసం మూడు చోట్ల తీయించండి. మధ్యలో 91.6, అతుకు మీద 80 వస్తే ఆ గొలుసు కరిగించినప్పుడు సరాసరి 91.6 కంటే తగ్గుతుంది. అతుకులు ఎక్కువున్న సన్నటి పాత గొలుసుల్లో ఈ తగ్గుదల బాగా కనిపిస్తుంది. కాగితం మీద ఇరీడియం, రుథీనియం అన్న పేర్లు కనిపిస్తే ఆ నగ వదిలేయండి. బంగారంతో సరిగా కలవని ఈ లోహాల పొడిని కల్తీగా వాడతారు.

గట్టి నగ అయితే మిషన్ కాగితాన్నీ నీటి తూకాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి చర్మాన్ని చదువుతుంది, ఇంకోటి ఒళ్లంతా తూస్తుంది. రెండూ 22 క్యారెట్లే అంటే కొనొచ్చు. మిషన్ 91.6 అని, నీటి తూకం 13 అంటే లోపల ఇంకేదో ఉంది, లేదా ఖాళీ ఉంది. ఏదైనా సరే మొత్తం బరువుకు బంగారం ధర ఇవ్వకూడదు.

## ఫైర్ అస్సే, హాల్‌మార్కింగ్ కేంద్రం

పెద్ద మొత్తం, అనుమానం తీరని నగ, లేదా కొన్నాక తగాదా వచ్చినప్పుడు ఇక్కడికి వెళ్లాలి. నగ నుంచి తీసిన కొద్దిపాటి ముక్కకు వెండి కలిపి, సీసపు రేకులో చుట్టి, వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలో పెడతారు. రాగి లాంటివి సీసంతో పాటు మూసలోకి ఇంకిపోతాయి. మిగిలిన పూసను రేకుగా సాగగొట్టి నత్రికామ్లంలో మరిగిస్తే వెండి కరిగి మేలిమి బంగారం మిగులుతుంది. దాన్ని తూచి వన్నె చెబుతారు. వెయ్యి పాళ్లలో ఒక పాలు తేడా వచ్చినా పట్టుకునే పద్ధతి ఇది.

బీఐఎస్ గుర్తించిన కేంద్రాల్లో మామూలు వినియోగదారులు కూడా తమ నగలు పరీక్ష చేయించుకోవచ్చు. 2022లో ప్రకటించిన రుసుము 4 నగల వరకు 200 రూపాయలు, 5 లేదా అంతకు మించితే నగకు 45 రూపాయలు. వెళ్లేముందు ప్రస్తుత రుసుము అడగండి. కేంద్రాల జాబితా బీఐఎస్ వెబ్‌సైట్‌లో ఉంటుంది.

## మీరు ఏ పరిస్థితిలో ఉన్నారు

తెలిసినవాళ్ల దగ్గర గట్టి గాజులు, గొలుసు కొంటుంటే: యాప్, మూడు చోట్ల మిషన్, నీటి తూకం. ఈ మూడూ కలిపి సగం రోజు పని. ధర మేలిమి బరువు మీద మాట్లాడండి. వాళ్లు మొదట కట్టిన మజూరీ, తరుగు మీరు తిరిగి ఇవ్వక్కర్లేదు, నగ ఉన్నదున్నట్టు వేసుకోవాలనుకుంటే కొంత ఇవ్వడం న్యాయమే.

గుండ్ల పేరు, లక్క పోసిన కాసులు, రాళ్ల హారం అయితే: ఇక్కడ వన్నె కంటే నికర బరువే పెద్ద ప్రశ్న. మిషన్ వన్నె చెబుతుంది, లోపల లక్క ఎంతో చెప్పదు. పాత బిల్లులో రాళ్ల బరువు, లక్క బరువు విడిగా రాసి ఉందేమో అడగండి. లేకపోతే ఒక గుండును విప్పి లక్క తీసి తూచడానికి ఒప్పుకుంటేనే మాట ముందుకు సాగాలి. ఒప్పుకోకపోతే మొత్తం బరువు లెక్కన కొనొద్దు, ఎంత ముచ్చటగా ఉన్నా సరే.

తాకట్టు విడిపించని నగలు, వేలం నగలు అయితే: వేలంలో ఉన్నది ఉన్నట్టే ఇస్తారు, పరీక్షకు సమయం ఇవ్వకపోవచ్చు. అప్పిచ్చేటప్పుడు అప్రైజర్ (నగ విలువ కట్టేవాళ్లు) రాసిన నికర బరువు, వన్నె చూపించమని అడగండి. అది చాలావరకు గీటురాయి లెక్క. కాబట్టి మీ పాటలో ఒక క్యారెట్ తగ్గించుకునే పాడండి.

ఇంట్లో పెద్దవాళ్లు ఇచ్చినవైతే: కొనడం లేదు కాబట్టి గంటు పెట్టించొద్దు. మిషన్ ఒక్కటి చాలు. 20 క్యారెట్లని వస్తే బాధపడకండి, అప్పటి టంకాలు, అప్పటి పనితనం అలాంటివే.

రోడ్డు పక్కన, బస్టాండులో తవ్వకంలో దొరికాయంటూ కాసులో పూసలో చూపిస్తే: ఏ పరీక్షా వద్దు. మొదట చేతికిచ్చే పూస నిజమైన బంగారమే ఉంటుంది, అంగడిలో టచ్ కూడా సరిగ్గా వస్తుంది. డబ్బు తీసుకున్నాక ఇచ్చే మూటలో ఇత్తడి ఉంటుంది. పరీక్షించిన నగా, చేతికొచ్చిన నగా ఒకటే కానప్పుడు ఏ మిషనూ కాపాడలేదు.

అంగడిలో చూపించేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. లోపలికి ఇచ్చే ముందు, తిరిగి తీసుకున్నాక మీ ఎదుటే తూయించండి. తూకం అయ్యాక నగ మీ కళ్ల ముందు నుంచి కదలకూడదు.

అన్నీ సరిపోయాక కాగితం రాయించుకోండి. అమ్మినవాళ్ల పేరు, ఆధార్ నకలు, నగ ఫొటో, స్థూల బరువు, నికర బరువు, టచ్ కాగితం నకలు, తేదీ, ఇద్దరి సంతకాలు. డబ్బు బ్యాంకు ద్వారా పంపండి. దొంగ సొత్తని తెలిసి, లేదా తెలుసుకోదగ్గ కారణం ఉండి కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద కొన్నవాళ్లూ నేరస్తులే. తెలియక కొన్నా పోలీసులు నగను స్వాధీనం చేసుకోవచ్చు. నగ ఎక్కడిదని అడిగితే చెప్పలేకపోయినా, బిల్లు అడిగితే మాట మార్చినా, టచ్ 91.6 వచ్చినా సరే ఆ నగను అక్కడే వదిలి రండి.